ఇంటి దగ్గరున్న ఆమెను కూడా పంపించండి: ఆర్‌ఎంపీ డాక్టర్లకు, మెడికల్ షాపుల వాళ్లకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హైవే పక్క ఊళ్లలోనూ లోపలి పల్లెల్లోనూ క్లినిక్ పెట్టుకుని జనాన్ని చూస్తున్న ఆర్‌ఎంపీ డాక్టర్లకు, మందుల షాపులు నడుపుకుంటున్న అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

నేను ఏఎన్‌ఎంగా చేసి రిటైరైన మనిషిని. కందుకూరు వైపు పల్లెల్లో మొదలుపెట్టాను. తర్వాత సింగరాయకొండ వైపు కొన్నేళ్లు, కావలి వైపు కొన్నేళ్లు తిరిగాను. మా ఊళ్లు ఏ జిల్లా కిందికి వస్తాయన్న గీతలు ఈ మధ్య మారాయి గానీ మనుషులూ వాళ్ల జబ్బులూ మారలేదు. మీలో చాలామంది నాకు తెలుసు. పోలియో చుక్కల రోజు మీ అరుగుల మీదే కూర్చుని చుక్కలు వేశాను. రాత్రిపూట కాన్పు కష్టమైతే మీ బండి తీసి ఆసుపత్రికి చేర్చినవాళ్లు మీలో ఉన్నారు. అందుకని ఈ ఉత్తరాన్ని మీ మీద ఫిర్యాదుగా చదవొద్దని ముందే అడుగుతున్నాను. మీ వల్లే అయ్యే పని ఒకటుంది. అది చెయ్యమని అడగడానికి రాస్తున్నాను.

సుఖవ్యాధుల గురించి, అదే కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బుల గురించి చెప్పాలనుకుంటున్నాను. మన పల్లెల్లో ఎవరూ ఆ మాట అనరు. పెద్దవాళ్లు సెగ అనేవాళ్లు, సవాయి అనేవాళ్లు, గజ్జల్లో గడ్డలు కడితే అడ్డగర్రలు అనేవాళ్లు. ఇప్పటి పిల్లలకు ఆ పేర్లు కూడా తెలియవు. మూత్రంలో మంటగా ఉందంటే "వేడి చేసిందిలే, బార్లీ నీళ్లు తాగు" అంటారు. చీము కారుతున్నా వేడే, పుండు పడినా వేడే. సబ్జా గింజలు, మజ్జిగ, రెండు రోజులు లారీ ఎక్కకుండా ఇంట్లో పడుకోవడం. అప్పటికీ తగ్గకపోతే చీకటి పడ్డాక, మీ షాపు షట్టరు సగం దించే వేళకు వచ్చి పక్కన ఎవరూ లేకుండా చూసుకుని మీ చెవిలో చెబుతాడు.

పీహెచ్‌సీకి ఎందుకు రాడో నాకు తెలుసు. అక్కడ ఓపీ చీటీ రాసే అబ్బాయి వాళ్ల వీధివాడే అయి ఉంటాడు. లైన్లో ముందు నిలబడ్డామె అత్తగారికి చెల్లెలు అవుతుంది. నర్సమ్మకు చెబితే వాళ్లావిడకు తెలిసిపోతుందని భయం. అందుకే మొదట మీ దగ్గరకే వస్తాడు. ఈ జబ్బుల్లో మొదటి చూపు మీది. నా సర్వీసంతా చూసినా నేరుగా నా దగ్గరకు వచ్చిన మగవాళ్లను చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీకు ఒక్క నెలలో అంతకంటే ఎక్కువ మంది చెప్పి ఉంటారు.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందటిది. ఊరి పేరు గానీ మనుషుల పేర్లు గానీ చెప్పను.

ఆయన గ్రానైట్ లారీ డ్రైవరు. చీమకుర్తిలో రాయి ఎత్తుకుని కృష్ణపట్నం పోర్టుకు, ఒక్కోసారి మద్రాసు వైపు పోయేవాడు. వారానికో పది రోజులకో ఇంటికి వచ్చేవాడు. ఒకసారి పుండు పడింది. నొప్పి లేదు, దురద లేదు. చిన్న శనగగింజంత. ఊళ్లో డాక్టరు గారి దగ్గరకు వెళ్లాడు. విప్పి చూపించడానికి ఆయనకు సిగ్గు, చూడటానికి ఈయనకు సిగ్గు. నోటితో చెప్పింది విని ఒక ఇంజక్షన్ చేసి, అయిదు రోజులకు మాత్రలు, పైన రాసుకోవడానికి ఒక ట్యూబూ ఇచ్చి పంపారు. మూడు నాలుగు వారాల్లో పుండు మాడిపోయింది. మచ్చ కూడా సరిగ్గా కనపడలేదట. ఆ డాక్టరు గారి హస్తవాసి మంచిదని ఆ మనిషి పదిమందికి చెప్పాడు.

ఆయన భార్యకు అప్పటికి ఒక పాప ఉంది. ఆ తర్వాతి ఏడు మళ్లీ నెల తప్పింది. పుట్టింటికి పోయి అక్కడే ఉండిపోవడంతో పేరు నమోదు ఆలస్యమైంది. రక్తపరీక్షలు సరిగ్గా జరగలేదు. ఎనిమిదో నెలలో బిడ్డ కదలడం మానేసింది. చనిపోయిన బిడ్డను కన్నది. గ్రహణం రోజు బయటికొచ్చిందని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు అన్నారు. అత్తగారు తాయెత్తు కట్టించింది. ఆ పిల్ల కన్నీళ్లు పెట్టుకుంటూనే అన్నిటికీ తల వంచింది.

మూడోసారి గర్భం వచ్చినప్పుడు మూడో నెలలోనే నా దగ్గరకు వచ్చింది. వేలు గుచ్చి చుక్క రక్తం కిట్టు మీద వేశాను. గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ చూస్తాం. హెచ్‌ఐవీ లేదు. సిఫిలిస్ గీత మాత్రం నెమ్మదిగా ఎర్రగా తేలింది. మన పెద్దవాళ్లు సవాయి అన్నది దాన్నే. పెద్దాసుపత్రికి తీసుకుపోయి మళ్లీ రక్తం ఇప్పించాం, ఖాయమైంది. భర్తను పిలిపిస్తే ఆయనకూ ఉంది. ఇద్దరికీ పెన్సిలిన్ ఇంజక్షన్లు చేశారు. ఆ కాన్పులో పుట్టిన పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడు, బాగున్నాడు.

ఆసుపత్రి నుంచి బస్సులో తిరిగొస్తుంటే ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది. "ముందు పోయిన బిడ్డకు కూడా ఇదేనా సిస్టరమ్మా?" ఆ బిడ్డకు ఏ పరీక్షా చేయలేదు. ఖాయంగా నేనేమీ చెప్పలేను. చెప్పలేదు కూడా. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఇక్కడ మీతో కాస్త నిదానంగా ఒక మాట పంచుకోవాలి. సిఫిలిస్ పుండు ఎవరూ ఏ మందూ వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. ఆ జబ్బు నడకే అంత. మంత్రం వేసినా మానుతుంది, పసరు పూసినా మానుతుంది, ట్యూబు రాసినా మానుతుంది. చూసినవాళ్లందరూ తమ మందు పనిచేసిందనుకుంటారు. లోపల క్రిమి మాత్రం రక్తంలోకి దిగిపోతుంది. కొన్ని వారాలకో నెలలకో ఒంటి మీద సన్నని మచ్చల్లా రావచ్చు. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వస్తాయి. ఎండకు పేలిందనో, ఏదో పడలేదనో అనుకుంటాం. అవీ పోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ కనపడదు. కొంతమందికి పదేళ్లకో ఇరవై ఏళ్లకో గుండెనో మెదడునో పట్టుకుంటుంది. గర్భిణికి ఉండి మందు పడకపోతే సగానికి పైగా కేసుల్లో ఏదో ఒక నష్టం జరుగుతుంది. గర్భం నిలవకపోవచ్చు, బిడ్డ కడుపులోనే పోవచ్చు, పుట్టాక నిలవకపోవచ్చు, జబ్బుతోనే పుట్టవచ్చు.

ఆ డ్రైవరుకు ఇంజక్షన్ చేసిన డాక్టరు గారు చెడ్డవాడు కాదు. పుండు మానింది కాబట్టి జబ్బు పోయిందని నమ్మాడు. డ్రైవరు కూడా అదే నమ్మాడు. తప్పు నాది కూడా ఉంది, అది దాచి మీకు చెప్పడం న్యాయం కాదు. చనిపోయిన బిడ్డ కడుపున పడకముందే ఆ పిల్ల ఒకసారి నా దగ్గరకు వచ్చింది. తెల్లబట్ట అవుతోందని, పొత్తికడుపులో లాగుతోందని చెప్పింది. మాత్రలిచ్చి పంపాను. ఆయన బయట వేపచెట్టు కింద బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. పది అడుగుల దూరం. లోపలికి పిలవాలని నాకు తట్టలేదు. ఇద్దరికీ ఒక్క రక్తపరీక్ష రాయించి ఉంటే ఎలా ఉండేదోనని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

మన పల్లెల్లో ఈ జబ్బు మగవాడి దగ్గర బయటపడుతుంది, ఆడమనిషి దగ్గర దాక్కుంటుంది. సెగే తీసుకోండి, గనేరియా అంటాం. మగవాడికి రెండు మూడు రోజుల నుంచి రెండు వారాల్లోపు మంట, చీము మొదలవుతాయి. తట్టుకోలేక మీ దగ్గరకు పరుగెత్తుకొస్తాడు. అదే ఆడవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. ఉన్నా కాస్త తెల్లబట్ట, కాస్త నడుం నొప్పి. పొగాకు బేళ్ల దగ్గర వంగి పనిచేసే మనిషికి నడుం నొప్పి ఎప్పుడు లేదు? రొయ్యల షెడ్డులో రోజంతా తడి నేల మీద నిలబడే పిల్ల కాళ్లు లాగుతున్నాయంటే ఎవరు పట్టించుకుంటారు? ఆ లోపల జబ్బు గర్భసంచికి, గొట్టాలకు పాకుతుంది. గొట్టాలు మూసుకుపోతే పిల్లలు పుట్టరు. గర్భం గొట్టంలోనే నిలిచిపోతే ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు గొడ్రాలు అన్న మాట పడేది ఆమె. రెండో పెళ్లి గురించి పెద్దమనుషులు మాట్లాడేది ఆమె ముందే. క్లమీడియా అని ఇంకొకటుంది, అది ఇంకా నిశ్శబ్దం. చాలామంది మగవాళ్లకు కూడా తెలియకుండానే ఉంటుంది.

ఇప్పుడు మనం ఇచ్చే మందుల సంగతి. మంట, చీము అనగానే సిప్రో మాత్రలు, ఒక జెంటా ఇంజక్షన్. ఇది ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న అలవాటు. గనేరియా క్రిమి సిప్రోకు ఎప్పుడో మొండికేసింది. చీము తగ్గినట్టు కనిపించి లోపల మిగిలిపోతుంది, లేదా కొద్దిరోజులకు మళ్లీ వస్తుంది. మొండికేసిన క్రిమి ఇంకొకరికి అంటితే అదే మొండితనంతో అంటుతుంది. మందుల షాపుల వాళ్లకు ఒక మాట. ఈ జబ్బుకు వాడే సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1లో ఉన్న మందు. 2014 నుంచి ఆ రూలు ఉంది. డాక్టరు చీటీ ఉండాలి, రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. కౌంటరు మీద రెండు మాత్రలు కత్తిరించి ఇవ్వడం మనకు మామూలైపోయింది. ఆ రెండు మాత్రలతోనే మందు పవరు పోగొట్టుకుంటున్నాం.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇవన్నీ ఉచితమని చాలామంది పేషెంట్లకు తెలియదు. మీలో కొందరికి కూడా తెలియకపోవచ్చు, అందుకని రాస్తున్నాను. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది. లక్షణాన్ని బట్టి రంగుల కిట్లు ఇస్తారు. మూత్రనాళంలో చీముకు బూడిద రంగు కిట్టు, అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉంటాయి. ఒక్కసారి వేసుకుంటే అయిపోతుంది. తెల్లబట్టకు ఆకుపచ్చది. పుండుకు తెల్లది, అందులో పెన్సిలిన్ ఉంటుంది. పెన్సిలిన్ పడనివాళ్లకు నీలం. పొక్కులు పొక్కులుగా వచ్చే హెర్పిస్‌కు ఎరుపు. ఆడవాళ్ల పొత్తికడుపు నొప్పికి పసుపు. గజ్జల్లో గడ్డలకు నలుపు. రంగులు ఎందుకు చెబుతున్నానంటే, ఈ జబ్బులన్నిటికీ ఒకటే ఇంజక్షన్, ఒకటే మాత్ర ఉండదని మీకు ఆ రంగులే చెబుతాయి. కిట్టుతో పాటు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. భర్తకో భార్యకో కూడా కిట్టు ఇస్తారు. నాకు అన్నిటికంటే ముఖ్యం ఆ రెండో కిట్టే.

పెన్సిలిన్ గురించి ఒక జాగ్రత్త. సిఫిలిస్ మొదటి దశలో ఉంటే ఒక్క డోసు చాలు, 24 లక్షల యూనిట్లు. రెండు సీసాల పొడి నీళ్లలో కలిపితే పాలలా చిక్కగా అవుతుంది. చెరో పిరుదుకు ఒకటి లోతుగా చెయ్యాలి, ఆ నొప్పి మామూలుగా ఉండదు. జబ్బు పాతదైతే వారానికొకటి చొప్పున మూడు వారాలు. ఇంత చవకగా ఇంత పెద్ద జబ్బును పోగొట్టే మందు ఇంకొకటి లేదేమో. కానీ పడనివాళ్లకు నిమిషాల్లో బీపీ పడిపోయి ఊపిరి ఆగిపోవచ్చు. టెస్ట్ డోసు వేసి చూడాలి, అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి. దయచేసి మీ క్లినిక్‌లో బెంచీ మీద పడుకోబెట్టి ఆ సాహసం చేయకండి. పంపించండి.

పంపించమంటే మీరేమంటారో నాకు తెలుసు. చాలాసార్లు విన్నాను. "మేం చెప్పినా పోరమ్మా." "భార్యను తీసుకురమ్మంటే కాపురంలో గొడవలవుతాయి." "మాకెందుకు లేనిపోనిది." రెండో మాటలో నిజం ఉంది. దాన్ని తీసిపారెయ్యలేను. నా చేతుల మీదుగా ఒక ఇల్లు రెండు నెలలు ముక్కలైపోవడం చూశాను. అందుకే ఎలా చెప్పాలన్నది కొన్నేళ్లు పట్టి నేర్చుకున్నాను.

ఎక్కడ తిరిగొచ్చావని ఎప్పుడూ అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే మనిషి అబద్ధం మొదలుపెడతాడు, లేదా లేచి వెళ్లిపోతాడు. ఒక మందుల షాపులో కౌంటరు దగ్గర కుర్రాడు "ఏం బావా, ఈసారి ఏ రూట్లో పోయొచ్చావ్?" అని అందరూ వినేలా నవ్వడం నేను చూశాను. ఆ మనిషి మందు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ నవ్వు ఖరీదు ఆ ఇంట్లో ఎవరు కట్టి ఉంటారో మీరే ఊహించండి.

నేను గజ్జి గురించి చెప్పేదాన్ని. గజ్జి వస్తే ఒక్క పిల్లవాడికి మందు రాసి ఊరుకోం కదా. ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోండి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి అంటాం. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. ఎవరు తెచ్చారని ఎవరూ అడగరు. ఇదీ అలాగే చెప్పండి. "ఇది ఇద్దరికీ ఒకేసారి మందు పడితేనే పోయే జబ్బు. ఒక్కడివే వేసుకుంటే మళ్లీ తిరిగొస్తుంది. ఇద్దరూ వెళ్లి రక్తం ఇచ్చి రండి. కోర్సు పూర్తయి, డాక్టరు సరేననేదాకా దూరంగా ఉండండి." ఈ నాలుగు మాటలు చాలు. నిజం కూడా ఇదే. ఈ జబ్బుల్లో కొన్ని ఏళ్ల తరబడి లోపల ఉండిపోతాయి కాబట్టి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ రక్తపరీక్షా తేల్చి చెప్పదు. తెల్లబట్ట అనగానే ఆడమనిషిని అనుమానించడం మరీ అన్యాయం. సుఖవ్యాధితో ఏ సంబంధమూ లేకుండా కూడా అవుతుంది, షుగరు ఉన్నా అవుతుంది, యాంటీబయాటిక్ వాడాక కూడా అవుతుంది. ఈ మాట మీ నోటి నుంచి వస్తే ఆ ఇంట్లో ఒక పిల్లకు దెబ్బలు తప్పుతాయి.

డ్రైవర్ల జబ్బు అనే మాట కూడా మానేద్దాం. హైవే పక్కన ఉన్నాం కాబట్టి లారీలవాళ్ల మీద వేసెయ్యడం తేలిక. నేను చూసినవాళ్లలో ఉద్యోగస్తులున్నారు, చదువుకుంటున్న పిల్లలున్నారు, కనిగిరి, పామూరు వైపు నుంచి బేల్దారి పనికి హైదరాబాదు, బెంగళూరు పోయి నెలల తరబడి అక్కడే ఉండేవాళ్లున్నారు, ఊరు దాటని పెద్దమనుషులూ ఉన్నారు. ఒంటిమీద తేడా ఏమీ లేదు కాబట్టి తమకు లేదనుకునేవాళ్లే అందరికంటే ఎక్కువ. ఇంకో మాట. ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లను ఊరంతా వేలెత్తి చూపిస్తుంది. ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్న ఆ ఆడవాళ్లు ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించుకుంటారు. సంచిలో కండోమ్ పెట్టుకుని తిరుగుతారు, తోటివాళ్లకు పంచుతారు. వాళ్ల దగ్గరకు వెళ్లే మగవాళ్లలో ఎంతమంది జీవితంలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నారు? ఆ ఆడవాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది.

కండోమ్ దగ్గరకు వస్తే ఇది పూర్తిగా షాపుల వాళ్ల చేతిలో ఉంది. గ్లాసు అరలో, మధ్యాహ్నం ఎండ నేరుగా తగిలే చోట ఆ పెట్టెలు పేర్చి ఉండటం ఎన్నో షాపుల్లో చూశాను. మన ఎండలు మీకు చెప్పక్కర్లేదు. ఆ వేడికి రబ్బరు పెళుసైపోతుంది. లారీ డాష్‌బోర్డులో, ప్యాంటు వెనక జేబులో పర్సు కింద నెలలు నెలలు ఉంచుకున్నదీ అంతే. నీడలో పెట్టండి, తేదీ చూసి అమ్మండి. కొబ్బరినూనె, వ్యాజిలైన్ రాస్తే నిమిషాల్లో చిరిగే స్థితికి వస్తుందని ఒక ముక్క చెప్పండి. నూనె రాసి, చిరిగి, అప్పుడు టెన్షన్‌తో పరుగెత్తుకొచ్చిన కుర్రాళ్లను చూశాను. ఇంకొకటి, అడిగినవాడి ముఖం చూడకుండా కాగితంలో చుట్టి ఇచ్చెయ్యండి. రెండో మాట వద్దు. ఆడమనిషి అడిగినా అంతే.

అలా చిరిగిపోయి, అవతలివాళ్లకు హెచ్‌ఐవీ ఉందన్న అనుమానంతో ఎవరైనా వస్తే ఆ రాత్రే పెద్దాసుపత్రికి పంపండి. 72 గంటల్లోపు మొదలుపెడితే 28 రోజుల మందు ఉంది. ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటే ఆ అవకాశం పోతుంది.

సూదుల గురించి రాయక తప్పదు. 2018లో ఉత్తరప్రదేశ్‌లో ఉన్నావ్ జిల్లా బంగర్‌మవూలో పదుల సంఖ్యలో జనానికి హెచ్‌ఐవీ బయటపడింది. ఊరూరూ తిరిగి చవకగా వైద్యం చేసే ఒక మనిషి ఒకే సిరంజిని అందరికీ వాడాడన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు. చిన్న చిన్న పల్లెలు, మనలాంటి పల్లెలే. సుఖవ్యాధి ఉన్న మనిషి మీ దగ్గరే సూది వేయించుకుంటాడని గుర్తుంటే చాలు. హెపటైటిస్ బి రక్తంతో హెచ్‌ఐవీ కంటే సులువుగా అంటుతుంది. మీరు మీ కోసం కూడా ఆ టీకా మూడు డోసులు వేయించుకోండి.

హెచ్‌ఐవీ అంటే ఇప్పటికీ మన ఊళ్లలో చావు కబురు చెప్పినట్టే చెబుతారు. మన దేశంలో మొదటి కేసులు 1986లో బయటపడింది మన పక్కనున్న మద్రాసులోనే. డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె శిష్యురాలు నిర్మల ఆ పరీక్షలు చేశారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ జబ్బు వచ్చినవాళ్లకు నేను చేయగలిగింది చెయ్యి పట్టుకుని కూర్చోవడమే. కొన్ని ఇళ్లలో భోజనం పళ్లెం గుమ్మం బయట పెట్టేవాళ్లు. ఇప్పుడు రోజుకో మాత్ర. 2017 నుంచి పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు మొదలుపెడుతున్నారు, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో ఉచితం. వైరస్ కనపడనంత తగ్గిన మనిషి నుంచి కలయికలో ఇంకొకరికి అంటదు. తల్లి మందు వాడితే బిడ్డకు సోకే అవకాశం నూటికి అయిదు కంటే తక్కువకు దిగిపోతుంది. మందు లేకపోతే 15 నుంచి 45 దాకా ఉంటుంది. అయినా మన రాష్ట్రం సంగతి చూడండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో నూటికి 0.21 మందికి హెచ్‌ఐవీ ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67. మూడింతలు. సుఖవ్యాధి పుండు ఉన్నచోట హెచ్‌ఐవీకి తలుపు తెరిచిపెట్టినట్టే. అందుకే పుండుతో వచ్చిన ప్రతి మనిషికీ హెచ్‌ఐవీ పరీక్ష కూడా కావాలి, మూడు నెలలకు మళ్లీ ఒకసారి కావాలి.

ఈ విషయాలు ఎవరి గురించి మీకు తెలిసినా నోరు దాటనివ్వొద్దు. 2017లో హెచ్‌ఐవీ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చెయ్యడాన్ని, ఆ వివరం బయటపెట్టడాన్ని ఆ చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అటుంచితే, మన పల్లెల్లో ఒక మాట టీ కొట్టు దగ్గర పడితే సాయంత్రానికి పొలాల దాకా పోతుంది. ఒక ఆడపిల్ల పెళ్లి ఆగిపోవడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

మీ క్లినిక్ గోడ మీద 1097 అని రాసి పెట్టండి. హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల గురించి అడగడానికి అది ఉచిత నంబరు. పేరు చెప్పక్కర్లేదు. బస్టాండు గోడల మీద, లాడ్జి గదుల్లో గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యమని రాసేవాళ్ల నంబర్లు కుర్రాళ్లకు నోటికి వచ్చు. వేలకు వేలు పోగొట్టుకుని వచ్చినవాళ్లున్నారు. ఈ నంబరు ఆ కుర్రాళ్ల కంట పడేది మీ గోడ మీదే. ఇంట్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఆడపిల్లలుంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా గురించి కూడా ఒక మాట చెప్పండి. ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ కూడా ఈ దారినే వస్తుంది.

ఇక నేను అడగదలుచుకున్నది. మీరు రోజూ రాసే మందుల చీటీల్లోంచి ఒక ఖాళీ చీటీ తీసుకోండి. చీకటి పడ్డాక వచ్చి చెవిలో చెప్పే ఆ మనిషికి మందివ్వడం బదులు ఆ చీటీ ఇవ్వండి. దాని మీద జబ్బు పేరు రాయొద్దు, దారిలో ఎవరైనా చదివితే ప్రమాదం. సురక్ష క్లినిక్ అని రాయండి. కింద "ఇద్దరినీ చూడగలరు" అని రాయండి. మీ సంతకం పెట్టండి, మీ మాట మీద నమ్మకంతోనే వాళ్లు బస్సెక్కుతారు. పది రోజుల తర్వాత ఆ మనిషి మీ షాపు ముందు నుంచి పోతుంటే పిలిచి మంచినీళ్లిచ్చి ఒక్కటే అడగండి. వాళ్లావిడ కూడా వెళ్లిందా అని.

మీ మండలంలో ఆర్‌ఎంపీల సంఘం మీటింగు ఏ ఆదివారం పెట్టుకున్నా నన్ను పిలవండి. కిట్ల రంగులు, చీటీ రాసే పద్ధతి, ఆ మనిషితో ఎలా మాట్లాడాలన్నదీ కూర్చుని చెబుతాను. ఎంత లోపలి ఊరైనా సరే, బస్సెక్కి వస్తాను.

ఇట్లు,
రిటైరైన ఒక ఏఎన్‌ఎం,
కందుకూరు వైపు పల్లె